లంఖణం సరే, పథ్యం ఎవరు పెడతారు?

కంచం ముందు కూర్చున్నాను. ఒక హస్తం అన్నం వడ్డించుకున్నాను. రెండోది సగం తీసి ఆగిపోయాను. ఆ సగం హస్తాన్ని కంచంలో వెయ్యాలా, గిన్నెలోకి తిరిగి పంపాలా తేల్చుకోలేక అలా గాల్లోనే పట్టుకుని ఉండిపోయాను. ఎదురుగా కూర్చున్న మా అమ్మాయి, "అమ్మా, కూర చల్లారిపోతోంది" అంది. ఆ హస్తంలో ఉన్నది 75 గ్రాముల అన్నం, అంటే దాదాపు వంద కేలరీలు. అప్పటికి ఏడాదిగా తూచుకుని తింటున్నదాన్ని కాబట్టి గ్రాములతో సహా చెప్పగలను.

తినొద్దని నాకెవరూ చెప్పలేదు. తినమన్నారు. వచ్చిన చిక్కల్లా అదే.

పదకొండు నెలలు డైట్ చేసి 78 కిలోల నుంచి 62కి వచ్చాను. నా ఎత్తు 157 సెంటీమీటర్లు, వయసు 41, పని ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్. రోజుకి 1250 కేలరీలు, సాయంత్రం నలభై నిమిషాలు నడక. పెళ్ళినాటి బరువు 58 కాబట్టి అక్కడిదాకా వెళ్ళాలని మనసులో పెట్టుకున్నాను. కానీ డైటీషియన్ నా రిపోర్టులు చూసి, షుగరు హద్దులోకి వచ్చింది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు దిగింది, ఇక తగ్గక్కర్లేదు, ఉన్న బరువు నిలబెట్టుకోండి, కొంచెం తిండి పెంచండి అంది. బయటికొచ్చి మెట్ల మీద నిలబడితే సంతోషం రావాలి కదా, భయం వేసింది. పదకొండు నెలలు ఏది ఎంత తినాలో గీత గీసి చెప్పిన మనిషి, ఆ గీత ఎక్కడ ఎలా చెరపాలో చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పెట్టలేదు.

బరువు తగ్గడం గురించి తెలుగులో వీడియోలకి కొదవ లేదు. తగ్గాక తిండి పెంచడం ఎలాగా అని వెతికితే, "మళ్ళీ పెరగకూడదంటే ఇవి ముట్టుకోకండి" అంటూ ఇంకో చిట్టా ఎదురవుతుంది. నా గొడవంతా దీని గురించే. ముగించడం తెలియని డైట్ సగం వైద్యమే. రెండో సగం తినడం. అది దానంతటదే రాదు. నాకైతే తగ్గడం కన్నా అదే కష్టమైంది.

కాస్త తినడానికి భయమేమిటి అనిపించొచ్చు. నాకూ ముందు అలాగే అనిపించేది, డైట్ చేసేవాళ్ళని చూసి నవ్వుకునేదాన్ని. కానీ పదకొండు నెలల్లో ఆకలి నాకు మార్కుల కార్డు అయిపోయింది. రాత్రి పది గంటలకి కడుపులో మంట మొదలైతే ‘ఆహా, పని జరుగుతోంది’ అనుకునేదాన్ని. కడుపు నిండితే ఏదో తప్పు చేసినట్టుండేది. పొద్దున్నే మిషనెక్కితే అంకె దిగేది, ఆ రోజంతా హాయి. ఇప్పుడు దిగడం ఆగాలి అన్నారు. దిగని అంకెని చూసి సంతోషించడం ఎలాగో నాకు తెలీదు. మా ఆయన "గెలిచావు కదా, ఇంకేంటి టెన్షన్?" అనేవాడు. గెలిచాక మైదానంలోంచి బయటికి దారి తెలియకపోతే అక్కడే పరిగెడుతూ ఉంటామని ఆయనకేం చెప్పను.

ఆ పరిస్థితిలో సంక్రాంతికి తెనాలి వెళ్ళాను.

అమ్మ నన్ను గుమ్మంలోనే చూసి "ఏవిటే, పిట్టలా అయిపోయావు" అంది. మూడు రోజులు. ముద్దపప్పు, కొత్త నెయ్యి, గోంగూర, ఆవకాయ, పొంగలి, అరిసెలు. తినమన్నారు కదా అని తిన్నాను. మొదటి ముద్దకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆవకాయ ఘాటుకి కాదు. మూడో రోజుకి లెక్క వదిలేశాను. హైదరాబాద్ తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే మిషనెక్కితే 64.3. మూడు రోజుల్లో రెండు కిలోల మూడొందల గ్రాములు!

ఆ పూట నుంచే 1100 కేలరీలకి దిగిపోయాను. డైట్‌లో ఉన్నప్పుడు కూడా అంత తక్కువ తినలేదు. నెలన్నర అలా నడిచింది. ఆ నెలన్నరలో దువ్వెన నిండా జుట్టు. ఆఫీసులో అందరూ ఏసీ పెంచమంటుంటే నేను శాలువా కప్పుకుని కూర్చోవడం. ఇంటర్ చదివే పిల్ల మీద పెన్ను మూత పోగొట్టినందుకు అరవడం. అది ఏడుస్తూ "నువ్వు లావుగా ఉన్నప్పుడే బాగున్నావమ్మా" అంది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అకౌంట్స్ చేసే మనిషిని, ఆ రోజు లెక్క వేసుకుని ఉంటే సరిపోయేది. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఇంచుమించు 7700 కేలరీలు మిగులు ఉండాలన్నది అందరూ వాడే మోటు లెక్క. 2.3 కిలోలంటే దాదాపు 17,700. మూడు రోజులకి పంచితే, మామూలుగా ఖర్చయ్యేది పోగా రోజుకి 5900 అదనంగా తిని ఉండాలి. ఒక అరిసెకి 150 వేసుకున్నా రోజుకి నలభై అరిసెలు. మా అమ్మ చేసిందే మొత్తం అరవై, అందులో సగం పక్కింటివాళ్ళకి వెళ్ళాయి.

మరి ఆ బరువు ఏమిటి? నీళ్ళు. తక్కువ తిన్నన్నాళ్ళూ కాలేయంలో, కండరాల్లో ఉండే గ్లైకోజెన్, అంటే ఒళ్ళు దాచుకునే పిండిపదార్థం, నిల్వ తగ్గి ఉంటుంది. అన్నం పెంచగానే ఆ నిల్వ నిండుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకుంటుంది. పైన ఆవకాయ ఉప్పు పట్టే నీళ్ళు వేరే. పేగుల్లో ఇంకా అరుగుతున్న తిండి బరువు వేరే. డైట్ మొదటి వారంలో నాకు రెండున్నర కిలోలు తగ్గినప్పుడు అందులో చాలావరకు ఈ నీళ్ళే. అప్పుడు దాన్ని నా గొప్పగా చెప్పుకున్నాను. అవే నీళ్ళు తిరిగొస్తే నా పాపం అనుకున్నాను. తిండి పెంచే ప్రతి మనిషికీ ముందుగా చెప్పాల్సిన మాట ఇదొక్కటే: మొదటి రెండు వారాల్లో ఒక కిలో, కిలోన్నర ఎగబాకొచ్చు, అది కొవ్వు కాదు, కంగారుపడొద్దు. నాకు ఎవరైనా ఈ ముక్క చెప్పి ఉంటే ఆ నెలన్నర మిగిలేది.

మా అమ్మమ్మ బతికి ఉంటే చెప్పేది. ఆవిడకి గ్లైకోజెన్ తెలీదు, కానీ పథ్యం తెలుసు. ‘లంఖణం పరమౌషధం’ అన్న మాట మనందరి నోళ్ళలో నానుతోంది. లంఖణం తర్వాత ఏం జరిగేదో మాత్రం మర్చిపోయాం. చిన్నప్పుడు మా పెద్దమావయ్యకి టైఫాయిడ్ వస్తే రోజుల తరబడి లంఖణాలు చేయించారట. (జ్వరంలో మనిషిని అలా మాడ్చడం తప్పని ఇప్పుడు ఏ డాక్టరైనా చెప్తారు, నేను దాన్ని వెనకేసుకు రావట్లేదు.) జ్వరం దిగాక పథ్యం పెట్టడమన్నది ఒక ఘట్టం. మంచిరోజు చూసేవాళ్ళు. ముందు జావ. తర్వాత మెత్తగా వండిన పాతబియ్యం అన్నం, చారు నీళ్ళు. ఆపైన బీరకాయ, పొట్లకాయ. పప్పు ఎన్నో రోజున, పెరుగు ఎన్నో రోజున, అన్నీ అమ్మమ్మ మనసులో వరసగా ఉండేవి. మావయ్య ఆవకాయ కోసం ఏడిస్తే "ఇంకా వేళ కాలేదురా" అనేదట. వేళ వచ్చిన రోజున తనే కలిపి నోట్లో పెట్టిందట. తినమని వదిలెయ్యడం లేదు, అసలు తినొద్దనడమూ లేదు. తిండి తిరిగి అలవాటు చెయ్యడం ఇంకొకళ్ళు దగ్గరుండి చేయించే పని.

ఇప్పటి డైట్లలో లంఖణం మిగిలింది, పథ్యం పెట్టే చెయ్యి పోయింది. 2018 ప్రాంతంలో మన రెండు రాష్ట్రాల్లోనూ కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ ఊపేసింది కదా. మా అపార్ట్‌మెంట్‌లోనే ఆరుగురు చేశారు. అందరూ తగ్గారు. ఆపేశాక ఏం తినాలన్న ప్రశ్న దగ్గర తలో దారీ పట్టారు, నలుగురు ఏడాదిలో మొదటికి వచ్చారు. వాళ్ళకి పట్టుదల లేదని అప్పట్లో నేనూ అన్నాను. ఇప్పుడు అనను.

ఈ పట్టుదల గోలకి జవాబు డెబ్బై ఎనభై ఏళ్ళ కిందటే ఒకాయన ఇచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో యూరప్‌లో జనం తిండి లేక ఎండిపోయి ఉన్నారు. వాళ్ళకి మళ్ళీ తిండి పెట్టడం ఎలా అన్నది తేల్చడానికి అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1944-45లో ఒక ప్రయోగం చేశాడు. ఆయుధం పట్టబోమని చెప్పి యుద్ధానికి వెళ్ళని 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళు వాలంటీర్లుగా వచ్చారు. ఫుట్‌బాల్ స్టేడియం కింద గదుల్లో ఉంచి, 24 వారాల పాటు సగటున రోజుకి 1570 కేలరీలు పెట్టి, వారానికి ముప్పై అయిదు కిలోమీటర్లు నడిపించారు. బరువులో దాదాపు పాతిక శాతం పోయింది. వాళ్ళు పళ్ళేలు నాకేవాళ్ళు. ఒక్కో పూట భోజనం గంటల తరబడి సాగదీసేవాళ్ళు. వంటల పుస్తకాలు పోగుచేసుకుని చదివేవాళ్ళు. ఎండాకాలంలో చలి. చిరాకు, దిగులు. తర్వాత తిండి పెంచితే, కడుపు నిండినా ఆకలి తీరలేదన్నారు కొందరు.

ఇది చదివిన రాత్రి నా ఫోన్ హిస్టరీ తెరిచి చూశాను. పదకొండు, పన్నెండు గంటలప్పుడు నేను చూసినవన్నీ వంట వీడియోలే. ఉలవచారు బిర్యానీ, కాజాలు, పాలకోవా. ఒక్కటీ వండింది లేదు. నాకూ వాళ్ళకీ పోలిక పూర్తిగా కుదరదు, నిజమే. వాళ్ళు మొదట్నించీ మామూలు బరువువాళ్ళు, ఎముకలు తేలేదాకా వెళ్ళారు. నేను లావు నుంచి మామూలుకి వచ్చాను. కానీ శాలువా, చిరాకు, అర్ధరాత్రి వంటలు నా గుణలోపాలు కావని, తక్కువ తిన్న ఒళ్ళు మాట్లాడే భాష అని తెలిసి గుండె తేలికపడింది.

ఆ భాష తొందరగా ఆగదు కూడా. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు ఒక పరిశీలన ప్రచురించారు. యాభై మందితో మొదలుపెట్టి చూస్తే, బరువు తగ్గినవాళ్ళలో ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరిగింది, కడుపు నిండిందని మెదడుకి చెప్పే లెప్టిన్ అనే హార్మోను తగ్గింది, ఏడాది తర్వాత చూసినా అవి పాత స్థాయికి రాలేదు. అంటే డైట్ అయిపోయిందని మనం అనుకున్నా ఒళ్ళు అనుకోదు. అలాంటి ఒంటిని పట్టుకుని "ఇప్పుడు ఆకలిని బట్టి తినండి" అనడం, ముల్లు తప్పు చూపించే గడియారం చేతికిచ్చి వేళకి రమ్మనడం లాంటిది.

ఇక్కడ అవతలివాళ్ళ వాదన కూడా వినాలి. మా ఆఫీసులో ఒకాయన ఉన్నారు, ఇరవై కిలోలు తగ్గి నాలుగేళ్ళుగా అలాగే ఉన్నారు. "మేడమ్, అలవాటైపోయింది కదా, అలాగే కంటిన్యూ అయిపోండి. పెంచారా, పోయారు" అంటారు. ఆయన మాటలో ఒక నిజం ఉంది. 62 కిలోల ఒంటికి 78 కిలోల ఒంటికి కావలసినంత తిండి అక్కర్లేదు. నా పాత తిండి, అంటే టిఫిన్‌కి నాలుగు పూరీలు, పిల్ల వదిలేసిన కంచం, రాత్రి టీవీ ముందు చేగోడీలు, అది ఇక ఎప్పటికీ రాదు. ఆ తలుపు మూసుకుంది, దానికి నేనూ కొంచెం ఏడ్చాను. కానీ ఆయన చెప్పినట్టు 1250 దగ్గరే ఉంటే నేను ఇంకా తగ్గుతూనే ఉండాలి, లేదా ఏదో ఒక సంక్రాంతికి కట్ట తెగాలి. ఎవరూ చెప్పని దారి ఈ రెంటికీ మధ్యలో ఉంది, అదీ పెద్ద వెడల్పు లేదు. నా విషయంలో 1250కీ 1750కీ మధ్య అయిదొందల కేలరీలు. ఆ అయిదొందల్ని ఎలా ఎక్కాలన్నదే అసలు పని.

మార్చిలో మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అమ్మమ్మ పద్ధతి. వారానికి వంద కేలరీలు పెంచడం, ఆ వందనీ అంకెగా కాకుండా ఒక వస్తువుగా పెంచడం. ‘వంద పెంచాలి’ అనుకుంటే రోజంతా మనసులో బేరాలు నడుస్తాయి. ‘రాత్రి మజ్జిగ బదులు పెరుగన్నం’ అనుకుంటే బేరం ఉండదు. మొదటి వారం అదే, చిన్న గిన్నెడు పెరుగన్నం. నాకు రాత్రి నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది. రెండో వారం సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో గుప్పెడు వేయించిన పల్లీలు. మూడో వారం మధ్యాహ్నం పప్పు గరిటెడు ఎక్కువ. నాలుగో వారం రెండు చెంచాల నెయ్యి. ఇది చెప్పుకోవాలి. నెయ్యి చెంచా చేతిలో పట్టుకుని స్టవ్ దగ్గర ఎంతసేపు నిలబడ్డానంటే, అత్తయ్య వంటింట్లోకి వచ్చి చూసి, ఏమీ అనకుండా నా చేతిలో చెంచా తీసుకుని పప్పన్నం మీద వేసేసి వెళ్ళిపోయింది. మా ఇద్దరికీ ఇరవై ఏళ్ళలో కుదిరిన మంచి క్షణాల్లో అదొకటి.

పప్పు పెంచడానికి కారణం తార్నాక. రోజూ అటుగానే ఆఫీసుకి వెళ్తాను, జాతీయ పోషకాహార సంస్థ బోర్డు చూస్తూనే ఉంటాను, వాళ్ళేం చెప్తారో మాత్రం ఎప్పుడూ చదవలేదు. 2024లో వాళ్ళు కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చారు. రెండు వేల కేలరీల రోజుకి నమూనాగా బియ్యం, గోధుమల్లాంటివి 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400, పప్పులూ గుడ్లూ మాంసం లాంటివి 85, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు. నాకు రెండు వేలు అక్కర్లేదు, అయినా పప్పు దగ్గర ఆగిపోయాను. నేను తింటున్నది పాతిక గ్రాములు కూడా లేదు. అన్నం తగ్గించేటప్పుడు దాంతోపాటు పప్పు కూడా జారిపోయింది, గమనించలేదు.

మిషన్ రోజూ ఎక్కుతాను. మానెయ్యమని కొందరంటారు, వాళ్ళకి అదే మంచిదేమో. నాకు చూడకపోతేనే భయం. కాకపోతే రోజు అంకెకి విలువ ఇవ్వను, ఏడు రోజుల సగటు రాసుకుంటాను. 61 నుంచి 64 దాకా నా హద్దు. సగటు రెండు వారాలు వరసగా 64 దాటితే పల్లీలు ఆపుతాను, అంతే. అమెరికాలో 1994లో ఒక నమోదు పుస్తకం మొదలుపెట్టారు. పదమూడున్నర కిలోలకి పైగా తగ్గి ఏడాది పైన నిలబెట్టుకున్నవాళ్ళు అందులో చేరారు, పది వేల మంది దాటారు. వాళ్ళలో ఎక్కువమంది చెప్పేవి చప్పని సంగతులే: తరచూ బరువు చూసుకోవడం, పొద్దున టిఫిన్ మానకపోవడం, రోజుకి గంట దాకా నడక లాంటి శ్రమ. నిలబెట్టుకున్నవాళ్ళే చేరే పుస్తకం కాబట్టి దాన్ని అందరికీ అంటగట్టలేం. కానీ అలాంటివాళ్ళు ఉన్నారన్న కబురే నాకు అప్పట్లో కావలసింది.

అలా ఎక్కుతూ వెళ్ళి 1750 దగ్గర ఆగాను. ఇది రాసేటప్పటికి ఏడు నెలలు. సగటు 62.9. శాలువా బీరువాలోకి వెళ్ళింది.

మెచ్చుకునేవాళ్ళు లేరు. తగ్గేటప్పుడు లిఫ్టులో కనబడ్డవాళ్ళల్లా "ఏం చేశారండీ!" అని అడిగేవాళ్ళు. ఇప్పుడు పెళ్ళి భోజనంలో రెండోసారి పులిహోర వేయించుకుంటే "మళ్ళీ మొదలెట్టావా?" అంటారు, తగ్గినప్పుడు "సగమైపోయావు, తిను తిను" అన్నవాళ్ళే. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు అందరికీ పెట్టి చివర్న తింటారు, మిగిలిందంతా తింటే లావంటారు, తినకపోతే పాపం అంటారు. దీని మీద ఇంకో వ్యాసం రాయొచ్చు, ఇప్పుడు కాదు.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. 2025లో మన దేశంలోకి వచ్చినప్పటి నుంచి మా ఆఫీసు భోజనాల బల్ల దగ్గర అవే కబుర్లు. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ అనే మందు మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో, మందు ఆపిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. మందుని తప్పు పట్టడానికి చెప్పడం లేదు, అవసరమైనవాళ్ళకి అవసరమే. మొదలుపెట్టే రోజునే "ఇది ఎలా ముగుస్తుంది, ఆ తర్వాత నేను ఏం తింటాను?" అని డాక్టర్ని అడగమంటున్నాను. అలాగే, తిండి పెంచాలంటే నాలా కొన్ని వారాలు జంకడం వేరు. నెలలు గడిచినా ఆ జంకు ముదిరి, తిన్నాక వాంతి చేసుకోవాలనిపిస్తేనో, నెలసరి ఆగిపోతేనో అది వేరు. దానికి వీడియోలూ వ్యాసాలూ పనికిరావు, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

పోయిన నెల దసరాకి జాకెట్లు కుట్టించుకోవడానికి ఇచ్చాను. మా టైలరు ఈ రెండేళ్ళలో నా జాకెట్లు మూడుసార్లు బిగించింది. కొలతలు తీసుకుని, టేపు మెడలో వేసుకుని, "లోపల గుడ్డ ఎంత వదలమంటారక్కా? ఇదివరకు వద్దే వద్దన్నారు, కోసేయమన్నారు" అంది.

ఒక్క క్షణం ఆలోచించాను.

"రెండు కుట్లు విప్పుకునేంత ఉంచు" అన్నాను.